రాణి రంగు పోసిన చేయి

నాలుగేళ్ల కింద, హైదర్‌గూడలో ఒక హోటల్ పైఅంతస్తు హాల్లో, యాభై అరవై మంది చూస్తుండగా నగేష్‌ను వేదిక మీదికి పిలిచి, "ఈ పాడు పని చేసింది ఇతనే. ఈ క్షణం నుంచి మా కంపెనీకీ ఇతనికీ సంబంధం లేదు" అని మైకులో చెప్పారు. ఆ పని నగేష్ చేయలేదు. చేసింది మైకు పట్టుకున్న మనిషే.

నేను ఆ హాల్లో లేను. ఉన్నా ఏమీ చేసి ఉండేవాణ్ణి కాదేమో. ఉన్నవాళ్లెవరూ ఏమీ చేయలేదు.

మైకు పట్టుకున్న మనిషి పేరు ఫణికిరణ్. బర్కత్‌పురలో ఒక డాబా మీది రెండు గదుల్లో ఆయన కంపెనీ. ఊరు కట్టే కంప్యూటర్ ఆట ఒకటి, బాగా పాతది, ఎవరైనా వాడుకోండని సొంతదారులే వదిలేసినది తీసుకుని, అందులోని పరాయి దేశపు బొమ్మలన్నీ పీకేసి మన హైదరాబాదు బొమ్మలు పెట్టాలని ఆయన ఆలోచన. నల్ల ట్యాంకులున్న డాబాలు, ఆటోలు, చాయ్ హోటళ్లు, రోడ్డు పక్క పూలమ్మేవాళ్లు. మంచి ఆలోచనే. మంచి ఆలోచన వచ్చిన మనిషి మంచివాడై ఉంటాడని ఒకప్పుడు నేనూ నమ్మేవాణ్ణి.

ఆ బొమ్మలు గీసి, సరిచేసే పనికి నగేష్‌ను పెట్టుకున్నారు. అతని నాయన ఈదయ్య, అమ్మ బుగ్గమ్మ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చినవాళ్లు. చిక్కడపల్లి వెనక, నాలా పక్క బస్తీలో కాపురం. ఈదయ్య గోడలకు, నేలకు టైల్స్ వేస్తాడు. బుగ్గమ్మ పాతికేళ్లు ఇటుకలు మోసింది. నగేష్ ఇంటర్ మధ్యలో వదిలేసి నారాయణగూడలో ఒక ఫొటో స్టూడియోలో చేరాడు. నీలం తెర ముందు నిలబెట్టి ఫొటో తీసిన మనుషులను చుట్టూ కత్తిరించి వేరే చోట అతికించడం అక్కడి పని. పెళ్లికి ముందే చనిపోయిన తండ్రిని కూతురి పెళ్లి ఫొటోలో నిలబెట్టడం కూడా. వెంట్రుకల చివరల దగ్గర ఒక్క నీలం చుక్క మిగిలినా చచ్చినోడు చచ్చినోడిలాగే కనిపిస్తాడని అనేవాడు. ఆ చేయి అక్కడ తిరిగింది.

ఆటలో పని కూడా ఇంచుమించు అలాంటిదే. పాత ఆటల్లో ప్రతి బొమ్మా ఒక నలుచదరపు ముక్క మీద ఉంటుంది. మనిషి బొమ్మ గీస్తే మనిషి చుట్టూ ఖాళీ మిగులుతుంది కదా, ఆ ఖాళీ అంతా రాణి రంగుతో నింపాలి. చీరల కొట్టులో రాణి కలర్ అంటారే, కళ్లలో పొడిచినట్టుండే ఆ గులాబీ. ఆ రంగు ఎక్కడ కనబడితే అక్కడ ఏమీ లేనట్టు లెక్క. ఆట ఆ చుక్కను వదిలేసి, వెనకున్న గోడనో రోడ్డునో చూపిస్తుంది. అయితే అచ్చంగా ఆ రంగే ఉండాలి. రవ్వంత పలచబడినా, రవ్వంత ముదిరినా ఆటకు అది మామూలు రంగే. బొమ్మ అంచు దగ్గర చర్మం రంగు, రాణి రంగు కలిసిపోయాయంటే మనిషి చుట్టూ ఎర్రటి జాలరు కుట్టినట్టు ఒక గీత వచ్చేస్తుంది. నగేష్ ఆ గీతలను చుక్క చుక్కగా తీసేవాడు. ఒక్కో బొమ్మకు రెండు మూడు గంటలు. అతను తీసిన తర్వాత ఆటోడ్రైవర్ నిజంగా రోడ్డు మీద నిలబడేవాడు.

ఆ ఆటలో ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసే ఆడమనిషి ఒకామె కావాలి. నగేష్ అమ్మను చూసి గీశాడు. తల మీద చుట్టకుదురు, దాని మీద ఇటుకలు, మోకాళ్ల కిందికి ఎగదోపిన మట్టిరంగు చీర, దాని మీద మగవాళ్ల పాత చొక్కా. కూలికి వెళ్లే ఆడవాళ్లు చొక్కా ఎందుకు వేసుకుంటారో తెలియని వాళ్లకు ఆ బొమ్మ వింతగా ఉంటుంది. తెలిసిన వాళ్లకు అదే ఆ బొమ్మ.

హాల్లో ఆట చూపించడానికి ముందురోజు సాయంత్రం నగేష్ ఇంటికి వెళ్లిపోయాక, ఫణికిరణ్ ఒక్కో కంప్యూటర్ దగ్గరికి తిరుగుతూ బొమ్మలు చూశాడు. నగేష్ పక్క కుర్చీలో పనిచేసే మహిత ఆఫీసులోనే ఉంది. తర్వాత జరిగింది నాకు చెప్పింది ఆమే.

"ఈ చొక్కా ఏంటమ్మా, దరిద్రంగా ఉంది. రేపు వచ్చేవాళ్లు పెట్టుబడి పెట్టేవాళ్లు. కళకళలాడుతూ ఉండాలి" అన్నాడట. నగేష్ కంప్యూటర్ ముందు తనే కూర్చున్నాడు. చొక్కా చెరిపేశాడు. పక్కన వరసగా ఉన్న రంగుల గళ్లలో అన్నిటికన్నా కళకళలాడుతున్న గడి చూసుకుని, చీర మీద, రవిక మీద పోశాడు. అది మొదటి గడి. రాణి రంగు.

"సార్, నగేష్‌ను ఒకసారి అడిగితే..." అని మహిత నసిగింది.

"రంగు మార్చడానికి కూడా నగేష్ పర్మిషన్ కావాలా నాకు?"

గీసే తెర మీద రాణి రంగు రాణి రంగులాగే ఉంటుంది; చుట్టూ ఖాళీలో ఉన్నదీ అదే రంగని ఆయనకు తట్టలేదు. ఆటలోకి వెళితేనే మాయమయ్యేది. ఆటలో పెట్టి చూడలేదు ఆయన. ఆ పూట ఆయనకు టై కొనుక్కునే పని ఉంది.

మర్నాడు హాల్లో పెద్ద తెర మీద ఇల్లు లేస్తోంది. ఇసుక కుప్ప ముందుకు ఆ కూలి ఆమె నడిచి వచ్చింది. తల ఉంది, ఇటుకలున్నాయి, చేతులున్నాయి, కాళ్లున్నాయి. మధ్యలో చీర లేదు, రవిక లేదు. వెనకనున్న ఇసుక ఆ ఖాళీలోంచి కనబడింది. ఇసుక రంగూ ఆమె ఒంటి రంగూ ఇంచుమించు ఒకటే. బట్టల్లేని మనిషి ఇటుకలు మోస్తున్నట్టు నాలుగడుగుల బొమ్మ తెర మీద అటూ ఇటూ తిరిగింది. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి బయటికి వెళ్లిపోయింది.

"సార్‌కి ఆ క్షణంలోనే అర్థమైంది" అంది మహిత. "ఆయన చేయి ఆగిపోయింది. నేను చూశాను. మర్నిమిషం నగేష్ పేరు పిలిచారు."

నగేష్ వేదిక ఎక్కాడట. తెర వంక తిరిగి, దాన్ని ఆపండి అన్నట్టు చేయి మాత్రం ఊపాడట.

ఆ రాత్రికల్లా ఫణికిరణ్ ఊళ్లో ఆటల బొమ్మలు చేసేవాళ్లందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో రాశాడు. ఫలానా నగేష్ ఆడవాళ్ల బొమ్మలతో వెకిలి వేషాలు వేస్తాడు, ఎవరూ పని ఇవ్వకండి అని. గ్రూపులోంచి నగేష్‌ను తీసేశాడు. రెండు వందల పైచిలుకు మంది చదివారు. ఈ ఊళ్లో ఆ పని ఇచ్చేవాళ్లంతా వాళ్లే.

ఇంట్లో కంపెనీ మూసేశారని చెప్పాడు నగేష్.

నాకు అతను పరిచయమైంది ఆ తర్వాతే. అశోక్ నగర్‌లో దుర్గయ్య గారి ఫ్లెక్సీల షాపులో నేను అక్షరాలు కంపోజ్ చేసేవాణ్ణి. 'మా విద్యార్థులకు ర్యాంకుల పంట' అని రాయడం నా పని. ఆ పంట తాలూకు తలకాయలు కత్తిరించి వరసగా అతికించడం నగేష్ పని. ఒకే కుర్రాడి తల మూడు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఉండేది. మధ్యాహ్నం తిండి మానేసి నేను చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. వచ్చేసరికి అతను అలాగే తెరలో తల పెట్టి ఎవడిదో జుట్టు చివర శుభ్రం చేస్తూ ఉండేవాడు.

"ఎవడు చూస్తాడు నగేష్, ముప్పై అడుగుల ఎత్తులో కడతారు దాన్ని."

"నాకు కనపడ్తది కదన్న."

దుర్గయ్య గారు గల్లాపెట్టె దగ్గర్నుంచే అరిచేవారు. "ఏ నగేషూ, ఆనికి క్షవరం చేస్తున్నవా ఏంది? తొందరగ ఇడువు, ప్రింటు పెట్టాలె!"

తన కథ అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు, రెండేళ్లలో. నేను ఊరుకోలేకపోయేవాణ్ణి. పోయి కాలర్ పట్టుకొమ్మన్నాను. పోలీసుల దగ్గరికి పొమ్మన్నాను. నేను వేరే వాళ్లచేత కాలర్లు పట్టించడంలో దిట్ట.

"నాకు కొట్లాట వద్దన్న. ఆ గ్రూపుల ఒక్క లైను. 'అది నగేష్ చేయలె' అని. గంతే. మల్ల నా పని నేను చేస్కుంట."

అతనికి కావలసింది అదొక్కటే. నిరుడు వేసవిలో అది చేతికందేంత దగ్గరికి వచ్చింది.

ఒక పొద్దున మహిత షాపుకు వచ్చింది. అతన్ని చూసి గుమ్మంలోనే ఆగింది.

"బాగున్నావా నగేష్?"

"ఏందక్కా, ర్యాంకొచ్చిందా? ఫొటో తెచ్చినవా?"

ఆమెకు నవ్వు రాలేదు. ఫోను తీసి చూపించింది. ఆటను ఇప్పుడు ఫోన్లలోకి తెస్తున్నారట. ఫోను కోసం బొమ్మలన్నీ చిన్నవి చేశారు. చిన్నవి చేసేటప్పుడు అంచుల్లో రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నగేష్ చుక్క చుక్కగా తీసిన ఎర్ర గీత మళ్లీ ప్రతి మనిషి చుట్టూ, ప్రతి చెట్టు చుట్టూ, ప్రతి ఆటో చుట్టూ వచ్చి కూర్చుంది. ఊరు ఊరంతా జాలరు కట్టుకున్నట్టుంది. బెంగళూరు నుంచి ఎవరినో పిలిపిస్తే అతను గులాబీ ఛాయ ఉన్న చుక్కలన్నీ ఒక్క దెబ్బకు తీసేశాడు. గీత పోయింది. దాంతోపాటు పూలమ్మి బుట్టలో గులాబీలు పోయాయి, ఆడవాళ్ల గాజులు పోయాయి, పాన్ డబ్బా బోర్డు సగం పోయింది.

"నాలుగు వందల బొమ్మలు. ఇంకో నెలలో ఇవ్వాలి. సార్ నిన్ను అడగమన్నారు."

"సారే రావాలె" అన్నాడు నగేష్.

వచ్చాడు. అంతవరకు నేను ఆయన్ను చూడలేదు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. పొట్ట, కళ్లద్దాలు, చెమట. మా షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పాతవన్నీ మనసులో పెట్టుకోకు నగేష్. ఎంత కావాలో చెప్పు."

"పైసలు వద్దు సార్. ఆ గ్రూపుల రాయాలె. ఆ బొమ్మ నేను ఖరాబు చేయలేదని."

"రాస్తానయ్యా. ముందు పని అవనీ."

"ముందు రాయండి" అని నేను నా కుర్చీలోంచి అన్నాను.

ఆయన నా వైపు చూసి, నగేష్‌ను అడిగాడు. "ఇతనెవరు?"

"మా అన్న. అక్షరాలు రాస్తడు" అన్నాడు నగేష్. తర్వాత ఆయన వైపు తిరిగి, "సరే సార్. పనైనంకనే రాయండి. మాట మాత్రం తప్పొద్దు" అన్నాడు.

అక్కడే చేజారింది. నాకు అప్పుడే తెలిసింది. అతనికీ తెలిసి ఉంటుంది. కానీ నాలుగు వందల బొమ్మలు ఆ ఎర్ర గీతతో ఉండటం అతను చూసేశాడు. మేస్త్రీ కొడుకు వంకర గోడ చూసినట్టు చూశాడు.

తెల్లవారి ఆరింటికి బర్కత్‌పుర వెళ్లి, పదింటికి షాపుకు వచ్చేవాడు. ఎలా చేస్తున్నావంటే చాయ్ గ్లాసు పక్కకు పెట్టి వేలితో బల్ల మీద గీసి చూపించాడు. గీతను తీయడం కాదట. చిన్నది చేయకముందే, బొమ్మ చుట్టూ ఉన్న రాణి రంగునంతా తీసి, పక్కనున్న రంగునే బయటికి సాగదీయాలి. చేయి పక్క ఖాళీలో చేతి రంగు, ఆకు పక్క ఖాళీలో ఆకు రంగు. ఎంతవరకు కనిపించాలో చెప్పడానికి వేరే తెలుపు నలుపు బొమ్మ. అప్పుడు ఎంత చిన్నది చేసినా, అంచులో కలిసేది దాని రంగే. పరాయిది కలవదు.

"అంటే ఎవరికీ కనపడని చోట కూడా రంగు వేస్తున్నావు."

"ఆడ తప్పుంటే ఈడ కనపడ్తదన్న."

ఇరవై రెండు రోజులు పట్టింది. పూలమ్మి గులాబీలు తిరిగి వచ్చాయి. ఆ నాలుగు వందల్లో కూలి ఆమె మాత్రం లేదు. హాల్లో గొడవైన మర్నాడే ఆటలోంచి తీసేశారు.

చివరి రోజు నగేష్ పాత ఫైళ్లలో వెతికి ఆమెను బయటికి తీశాడు. ఆ గదిలో మహిత కూడా ఉంది. ఫణికిరణ్‌ను కంప్యూటర్ దగ్గరికి పిలిచాడు.

"సార్, ఇది చూడండి. రంగు మార్చింది సాయంత్రం ఏడున్నరకు. నేను ఆరింటికే పోయిన. ఇగో, ఆ రోజు హాజరు పట్టిక."

ఫణికిరణ్ తెర మీదికి వంగి చూశాడు. "నేనా? అయ్యుండొచ్చు. ఆ రోజుల్లో నా బుర్ర ఎక్కడుందో నాకే తెలీదు నగేష్. అప్పు మీద అప్పు."

"నాకు తెలుసు సార్, మీరు కావాలని చేయలేదు. ఆ మాటనే రాయండి."

"రాస్తాను."

"అది మా అమ్మ బొమ్మ సార్."

ఫణికిరణ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడని, ఆయన కళ్లు తడిగా ఉన్నాయని మహిత చెప్పింది. ఉండొచ్చు. ఏడవడానికి ఖర్చేముంది? నగేష్ భుజం మీద చేయి వేసి, రాత్రికల్లా రాస్తానన్నాడట. రాశాడు కూడా. మాట తప్పలేదు.

మర్నాడు పొద్దున మహిత ఆ మెసేజ్ నగేష్‌కు పంపింది. నేను అతని భుజం మీదుగా చదివాను.

'మిత్రులారా, మూడేళ్ల కింద మా నగేష్ విషయంలో జరిగినది మనసులోంచి తీసేశాను. కుర్రతనంలో తప్పులు ఎవరైనా చేస్తారు. కష్టపడే మనిషి. నేను అతన్ని మనస్ఫూర్తిగా క్షమించాను. మీరు కూడా అతనికి ఇంకో అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.'

కింద వరసగా దండాల బొమ్మలు. చప్పట్లు. 'పెద్ద మనసు సార్ మీది.' 'మీలాంటి వాళ్లు అరుదు సార్.' అప్పటికి సగం మంది ఆ సంగతే మర్చిపోయి ఉంటారు. మూడేళ్ల కింద ఏం జరిగిందని కొత్తవాడెవడో అడిగితే, పాతవాడెవడో వివరంగా చెప్పాడు, నవ్వు బొమ్మ పెట్టి.

"ఆ ఫైలు కాపీ తీసుకోలేదా నువ్వు?" అన్నాను.

"వాళ్ల ఫైలు కదన్న. తీస్కుంటే దొంగతనం అంటరు."

"మహిత చెప్పొచ్చుగా!"

"ఆమెకు నౌకరి ఉంది" అన్నాడు, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు. ఫోను జేబులో పెట్టుకుని, తెర మీదున్న ర్యాంకరు చెవి దగ్గర పని మొదలుపెట్టాడు. ఆ పూట దుర్గయ్య గారు కూడా అరవలేదు.

తర్వాత కొన్నాళ్లకే నేను ఆ షాపు మానేశాను. దేనిలోనూ నిలిచే అలవాటు నాకు లేదు. నగేష్ కూడా మానేశాడని ఎవరో చెప్పారు.

మొన్న దసరా ముందు నారాయణగూడలో ఫ్లైఓవర్ కింద కనిపించాడు. సన్నబడ్డాడు. కొత్త సంచీ, మెడలో కంపెనీ కార్డు. హిమాయత్‌నగర్‌లో ఒక ఆటల కంపెనీలో తీసుకున్నారట. నాకు సంతోషమేసింది. చెప్పాను కూడా.

"ఫణి సార్ మాఫ్ చేసిండంటే మేం కూడ చేసినట్టే అన్నరన్న" అన్నాడు. "కానీ ఆడోళ్ల బొమ్మలు నాకియ్యరు. చెట్లు, గోడలు, నీళ్ల ట్యాంకులు. ఒక అక్క నా పక్కన కూసునేది, సీటు మార్పిచ్చుకున్నది."

నాకు ఒళ్లు మండింది. ఆ రోడ్డు మీదే అరిచాను. సిగ్గు లేదా, తప్పు చేయనివాడివి ఆయన క్షమాభిక్ష మెడలో వేసుకుని తిరుగుతున్నావు, వెళ్లి ఆ ఆఫీసులో నిలబడి జరిగింది చెప్పు, నాలుగేళ్లుగా నువ్వు అడిగిన ఒక్క లైను నువ్వే చెప్పు అన్నాను. ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. నగేష్ నన్ను చేయి పట్టుకుని పక్కకు లాగాడు.

"నింద పెట్టినప్పుడు కొట్లాడొచ్చు అనుకున్నన్న. మాఫ్ చేసినోనితోని ఎట్ల కొట్లాడ్తం చెప్పు? నేను నోరు తెరుస్తే, 'చూసిన్రా, మాఫ్ చేసినా వీనికి బుద్ధి రాలె' అంటరు."